అప్పుతోపాటు వ్యాపార శిక్షణము
(కల్యాణసింగ్‌పూర్ తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒడిశాలో 2001లో మిషన్ శక్తి ఆరంభమైన పిదప మన ఆడపడుచులును పొదుపు సంఘములలో చేరి బ్యాంకు అప్పులు పొందుచున్నారు. సంతోషమే. కాని కొన్ని యిండ్లలో సంతకము ఆమెది. రొక్కము ఇంటి ఖర్చునకో, మగవారి అంగడికో పోవుచున్నది. వాయిదా కట్టునది మరల ఆమెయే.

వర్తకులము గనుక ఒక లెక్క మనవి చేయుదుము. ఐదు కిలోల అప్పడములకు సరకుల ఖర్చు 800 రూపాయలనుకొందము. వేయి రూపాయలకు అమ్మినచో 200 లాభమని సంతోషింతురు. ఇద్దరు స్త్రీలు దినమంతయు పాటుపడిరి. మనిషికి 150 చొప్పున కూలి కట్టినచో 100 నష్టమే! అప్పడములు చేయుట వారికెవరును నేర్పనక్కరలేదు. ధర కట్టుట, ఇంటి డబ్బును వ్యాపారపు డబ్బును వేరుగా నుంచుట, అరువు పద్దు ఏనాటిదానాడు వ్రాయుట, ఇవి నేర్పవలెను.

ఇది మనకు క్రొత్త గాదు. 1937లో దుర్గాబాయమ్మగారు మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులు నేర్పించిరి. నేడు బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో శిక్షణము, భోజనము, వసతి అన్నియు ఉచితము. ఈ పద్ధతికి మూలము 1982లో కర్ణాటకమందలి ఉజిరెలో వెలసిన సంస్థ.

"ఆడపిల్లను ఒంటరిగా ఊరు దాటించుట యెట్లు?" అని మన పెద్దలందురు. దీనికి అహమ్మదాబాదులో సమాధానము దొరకినది. అచ్చట శ్రామిక స్త్రీలు 1974లో నెలకొల్పుకొనిన సేవా బ్యాంకు ఖాతాదారులకు రెండు దినములు వ్యాపార శిక్షణ మిచ్చిరి. కొందరిని ఒంటరిగాను, కొందరిని స్నేహితురాలితోను పిలిచిరి. 2016లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, తోడుతో వచ్చినవారే ఎక్కువగా అప్పు తీసి వ్యాపారమున పెట్టిరి. వారి కుటుంబముల ఆదాయము హెచ్చెను. ఆడువారికి కట్టుబాట్లు ఎక్కువగానున్న కుటుంబములలోనే ఈ మేలు అధికముగా కనబడెను. మన కుటుంబములును అట్టివే కదా!

కావున మూడు మనవులు. శిక్షణకు ఇద్దరిద్దరిని జతగా పంపుదము. నెలకొక ఆదివారము మన వర్తకులు సంఘ మందిరమున కూర్చుండి, తెలుగు, ఒడియా భాషలు రెండింటను పద్దులు వ్రాయుట నేర్పుదురుగాక. ఇరుగుపొరుగు ఒడియా, కొంధు సోదరీమణులను కూడ పిలుతము. వారి సరకును మన అంగళ్లలో అరువునకు గాక రొక్కమునకే కొందము. ఈ మూడవది మనకు కొంత కష్టమే. కాని మన అరువు వలన ఆమె వాయిదా తప్పరాదు.

మీ అంగీకారమును కోరుచు సెలవు తీసికొనుచున్నాము.