క్యూబ్ పాసైంది, మరి కాలమ్ సంగతి?

నేను జుబైల్ నుంచి మాట్లాడుతున్న. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐ సివిల్ చేసిన, ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌ని. రీసెర్చ్ గురించి నువ్వేం చెప్తవని మా రూమోళ్లు నవ్విన్రు. అయినా చెప్తా.

రెండేళ్ల కింద ఒక చదువుకునే పిల్లగాడు ఎండలో పని మీద స్టడీ చేస్త అని మా క్యాంపుకొచ్చిండు. 40 మందితో కాగితాల మీద టిక్కులు పెట్టించిండు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని రూల్ ఉంది కదా, ఆ రెస్టు ఇస్తున్నరా అంటే అందరూ అవునన్నరు. నిజమే, ఇస్తున్నం. ఎండతో ఇబ్బంది ఉందా అంటే దాదాపు అందరూ లేదని పెట్టిన్రు.

రాత్రి రూములల్ల కూసొని మాట్లాడితే వేరే కథ. పదకొండుకే కళ్లు తిరుగుతున్నయట. సముద్రం పక్కన ఉక్క, చెమట ఆరదు. రెస్టు ఉంది గనక పొద్దున నాలుగుకే డ్యూటీ ఎక్కుతున్నం అన్నరు.

"రెండూ రాస్తా అన్నా, ముందు లెక్కలు, తర్వాత మాటలు" అన్నడు. నాకు నచ్చలే.

మా దగ్గర కాంక్రీట్ పోసిన రోజు క్యూబులు తీస్తం, 28 రోజులకు పగలగొడితే నంబర్ వస్తది. ఒకసారి క్యూబ్ పాస్, షట్టరింగ్ ఇప్పితే కాలమ్‌కి హనీకోంబ్, కంకర బయటికి కనబడుతుంది. రెండూ పక్కపక్కన రాసి సంతకం పెడ్తమా? పెట్టం. క్యూబుని మంచిగ కుదించిన్రు, కాలమ్ మూలకి వైబ్రేటర్ అందలే. కోర్ తీసి చూడాలె.

అప్పుడు అతను ఫోన్ల ఒక కాగితం చూపిండు. మిక్స్‌డ్ మెథడ్స్ అప్రైజల్ టూల్ అంట, కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లది, 2018 వెర్షన్. లెక్కలు, మాటలు కలిపిన స్టడీకి అందులో ఐదు ప్రశ్నలు: రెండు పద్ధతులు ఎందుకు వాడినవు, రెండింటిని నిజంగ కలిపినవా, అట్ల. నాలుగోది నా ప్రశ్నే: రెండూ కొట్లాడిన చోట ఏం చేసినవు?

ఇక్కడ కొట్లాట విప్పితే ఏమొస్తదంటే, రూల్ గడియారం చూస్తది, ఒళ్లు వేడి, ఉక్క చూస్తది. ఖతర్‌లో 2021 నుంచి గంటలతో పాటు వెట్ బల్బ్ గ్లోబ్ రీడింగ్ 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాలె. టిక్కులు మాత్రమే చూస్తే ఈ మాట దొరకదు.

ఇంకొకటి కూడా ఉంది. టిక్కులు పెట్టేటప్పుడు నేను ఆ టేబుల్ పక్కనే నిలబడ్డ. రాత్రి రూములల్ల నేను లేను. అది కూడా రాయి అన్న. ఎవరి సైటో, నా పేరేందో మాత్రం రాయకు అని చెప్పిన.