టీబీ ఏ రూములో అంటుకుంది?

(మేడ్చల్ చుట్టుపక్కల ఉంటున్న ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలకు రాత రూపం)



షామీర్‌పేట మీదుగా వచ్చినోళ్లకు జీనోమ్ వ్యాలీ పేరు కొత్త కాదు. అక్కడి కంపెనీల్లో హౌస్‌కీపింగ్‌కు, సెక్యూరిటీకి, ప్యాకింగ్‌కు పోయే మనోళ్లు ఉన్నరు. జీనోమ్ అంటే ఏందని అడిగితే మాత్రం చెప్పేటోళ్లు తక్కువ. ఈ రోజు దాని గురించే, అదీ టీబీ విషయంలో మాట్లాడుకుందాం.

జీనోమ్ అంటే ఒక జీవి పుట్టుక రాత. టీబీ క్రిమిది 44 లక్షల అక్షరాల రాత. 1998లో దాన్ని మొదటిసారి పూర్తిగా చదివిండ్రు. క్రిమి పెరిగేటప్పుడు ఆ రాతను కాపీ చేసుకుంటది. అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడ్తది. టీబీలో ఇది చాలా నెమ్మది, సుమారుగా రెండేండ్లకు ఒక అక్షరం. ఇద్దరు పేషెంట్ల క్రిములను పక్కపక్కన పెట్టి చదివితే తేడా 5 అక్షరాల లోపు ఉందనుకోండి, ఈ మధ్యనే ఒకే గొలుసులో అంటుకుని ఉండొచ్చు. 12 దాటితే ఆ అవకాశం తక్కువ. ఇంగ్లండ్‌లో చేసిన అధ్యయనం 2013లో ఈ లెక్క చెప్పింది.

మనకెందుకు ఈ లెక్క? ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి వచ్చి ఒక రేకుల రూములో ఆరుగురు పడుకుంటరు. ఒకరికి దగ్గు మొదలైతే ఓనర్ ఏమంటడో మీకు తెలుసు: "మీ గూడెం నుంచే తెచ్చిండ్రు." టీబీ ఒంట్లో ఏండ్ల తరబడి నిద్రపోయి లేస్తది కాబట్టి ఆ మాటకు జవాబు చెప్పుడు కష్టం. ఆరుగురిలో ముగ్గురికి జబ్బు వచ్చి, ముగ్గురి క్రిమి రాత దాదాపు ఒకటే అని తేలితే? కిటికీ లేని ఆ రూమునో, కలిసి పనిచేసే షెడ్డునో అనుమానించాలె. అప్పుడు గాలి గురించి, కిరాయి గురించి, కంపెనీ బాధ్యత గురించి అడగొచ్చు. ముగ్గురివి మూడు తీర్లుంటే వెతకాల్సిన చోటు వేరు.

యంత్రం ఒక్కటే అన్నీ చెప్పదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పాత డీఎన్ఏ పద్ధతి అందరిదీ ఒకే గొలుసు అన్నట్టు చూపింది. మొత్తం జీనోమ్ చదివితే రెండు గొలుసులు బయటపడ్డయి. 2011లో అచ్చయిన పరిశోధన అది. అందులో కూడా ఎవరు ఎవరిని కలుస్తరో మనుషులను అడిగినంకనే దారి దొరికింది. ఆ అడిగే పని మన దగ్గర మన భాషలు వచ్చినోళ్లు చెయ్యాలె. గోండి రానోళ్లు కాగితం పట్టుకుని వస్తే ఎవరు చెప్తరు?

మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 2022 మార్చి 24న 'డేర్ టు ఎరాడ్ టీబీ' కార్యక్రమం మొదలుపెట్టింది. టీబీ క్రిముల జీనోమ్‌లు చదువుడు అందులో భాగం. ఏ మందుకు క్రిమి లొంగదో కూడా ఈ రాతలో చాలావరకు కనిపిస్తది. కాబట్టి ఇది మనకు అక్కరకొచ్చే చదువే, వద్దనొద్దు.

కానీ సంతకం సంగతి మర్చిపోవద్దు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ హాస్టళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట ఎన్నో ఫారాల మీద వార్డెన్లు సంతకం పెట్టిండ్రు. 2010లో ఆ పని ఆపిండ్రు, 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. అమెరికాలో హవాసుపాయి ఆదివాసుల రక్తం 1990ల్లో షుగర్ జబ్బు పరిశోధన అని తీసుకుని వేరే పరిశోధనలకు వాడిండ్రు. వాళ్లు కోర్టుకు పోయిండ్రు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పెద్దలు 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్తం వాపసిచ్చిండ్రు.

"మేం చదివేది క్రిమినే, మిమ్మల్ని కాదు" అంటరు. నిజమే. అయితే తెమడలో మన కణాలు కూడా ఉంటయి. వాటినేం చేస్తరు? మిగిలిన నమూనా ఎక్కడ దాస్తరు? ఫలితం మాకు ఎప్పుడు చెప్తరు? మ్యాపు మీద గూడెం పేరు, రూము నంబరు వేస్తరా? డబ్బా చేతికిచ్చేటప్పుడే ఇవి అడగండి. ఇంకొకటి, రాత దగ్గరగా ఉన్నంత మాత్రాన ఎవరు ఎవరికి అంటించిండ్రో తేలదు. ఆ పేరు పెట్టి రూములో ఎవ్వరినీ వేరు చెయ్యనియ్యొద్దు.

వచ్చేసారి కలిసేటప్పుడు మీ రూముల లెక్క రాసుకుని రండి: ఎందరు ఉంటున్నరు, కిటికీలెన్ని, కిరాయెంత. పేర్లు వద్దు. రెండు వారాలు దాటి దగ్గుతున్నోళ్లుంటే మాత్రం అప్పటిదాకా ఆగకుండా సర్కారు దవాఖానకు తోల్కపోండి, పరీక్షకు పైసలు లేవు.