పాత వీణకు వెల యెంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగ మన గ్రామమునకు వెలుగైన ఈ గ్రంథాలయపు రజతోత్సవమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను సంగీత విద్వాంసుడను గాను. కరణీకము 1984లో రద్దయినను లెక్కల కలము మా యింటిని విడువలేదు. ఊరిలెక్కలు వ్రాయుటయే నేటికిని నా వృత్తి. మిగిలిన ప్రొద్దున ఈ బీరువాలలోని కావ్యములను, నిఘంటువును ప్రక్కన నుంచుకొని, గురువు లేకయే చదువుకొన్నవాడను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

మీ యెదుట బల్లపై నొక పాత వీణ యున్నది. దానికి నేనొక బాకీ పడియున్నాను. ముందుగా దానిని చెప్పుకొందును.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట మన యూరి యొక కుటుంబమున అన్నదమ్ములు వేరుపడిరి. సామాను జాబితా వ్రాయుటకు నన్ను పిలిచిరి. ఇత్తడి బిందెలు, రాగి కాగులు తూకము వేసి వ్రాసితిని. మంచములు, భోషాణము లెక్కించితిని. చివరకు అటకమీదినుండి ఈ వీణను దింపిరి. తంత్రులు లేవు, మెట్ల క్రింది మైనము కరగి జారినది, బుర్ర పగిలినది. నేను క్షణమైనను ఆలోచింపక, "పాత కొయ్య సామాను ఒకటి, వెల నలుబది రూపాయలు" అని వ్రాసితిని. ఆ యింటి పెద్దావిడ, నేను అత్తయ్యగారని పిలుచునామె, గుమ్మమున నిలుచుండి, "నాయనా, అది మా అత్తగారు వాయించిన వీణ. కొయ్య అని రాయకు, వీణ అనైనా రాయి" అనినది. జాబితా ముగిసినదని చెప్పి కాగితము మడిచితిని. ఆ మాట దిద్దకయే సంతకములైనవి. ఆమె నేడు లేదు. ఆమె అడిగినది వెల పెంచుమని కాదు, పేరు వ్రాయుమని మాత్రమే యని నాకు తెలియుటకు చాల కాలము పట్టినది.

నేను కావ్యములు చదువ మొదలిడిన తరువాతనే నా యజ్ఞానము నాకు కనబడినది. మన పెద్దలు వాద్యములను తతము, ఆనద్ధము, సుషిరము, ఘనము అని నాలుగు తెగలుగ విభజించిరి. తంత్రులు గలది తతము, తోలు మూసినది ఆనద్ధము, ఊదునది సుషిరము, కంచుతాళముల వంటిది ఘనము. వీణలకు వారు మనుష్యులకువలె పేరులు పెట్టిరి. నారదుని వీణ మహతి, సరస్వతి వీణ కచ్ఛపి, తుంబురునిది కళావతి. పింగళి సూరన కళాపూర్ణోదయమున నారదుడంతటివాడు తుంబురుని గానమునకు అసూయపడి, శ్రీకృష్ణుని యంతఃపురమున శిష్యుడై సంగీతము నేర్చుకొనెను. దేవర్షికే అట్టి పట్టుదల కలిగించిన విద్యకు సాధనమైనదానిని నేను కొయ్య యంటిని!

ఇది దేవతల మాట. మనుష్యుల చరిత్రయు తక్కువది కాదు. విజయనగరమున అళియ రామరాయల కాలములో, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి యను గ్రంథమున వీణపై మెట్లు నిలుపు విధములను వివరించెను. పిదప 1600 మొదలు 1634 వరకు తంజావూరు నేలిన రఘునాథ నాయకుని పేర వీణామేళమొకటి ప్రసిద్ధి కెక్కినది. ఆయన తెలుగు కవియు, సంగీతజ్ఞుడును. నేటి వీణకు మెట్లు ఇరువదినాలుగు. స్థాయికి పండ్రెండు స్వరస్థానముల చొప్పున రెండు స్థాయిలకు సరిపోవును. వాయించు తంత్రులు నాలుగు, ప్రక్కన తాళపు తంత్రులు మూడు. ఈ లెక్క లెక్కలవాడనైన నాకు మిక్కిలి యింపైనది.

ఇక పనితనము. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరములుగ వీణలు చేయుచున్నారు. పనసమ్రాను నొక్కదానినే తొలిచి కుండను, దండిని అతుకు లేకుండ తీసినచో దానిని ఏకాండి వీణ యందురు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపును లభించినది. పనస తేలికగ నుండును, ధ్వనిని చక్కగ పలికించును. కొయ్య బాగుగ నారినగాని దండి నిలువదు. వంగిన దండిపై స్వరము నిలువదు. కావుననే ఏండ్లు గడచియు వంగని దండికి విలువ హెచ్చు.

వీణ గుఱ్ఱముపై కొంచెము వంపుగల లోహపురేకు నమర్చుదురు. మీటిన తంత్రి ఆ వంపును తాకుచు విడుచుచు కదలును. దీనివలన, మీటిన చోటునుబట్టి వినబడరాదని శాస్త్రము చెప్పిన అనుస్వరములు గూడ వీణలోను, తంబురాలోను వినబడుచున్నవని చంద్రశేఖర వేంకటరామన్ 1921లో ప్రకటించెను. పేరెరుగని మన వడ్రంగులు చెవితో కనుగొన్నదానిని ఆ మహాశాస్త్రవేత్త గణితముతో వివరింపవలసివచ్చినది.

రాజాస్థానముల వాద్యములకే ఈ గౌరవమని తలపకుడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ కలదు. కిన్నెర వాయించు భక్తుడు ఆ కావ్యమున మహనీయుడు. వెదురు దండికి సొరబుర్రలు కట్టిన ఆ వాద్యమే తెలంగాణ పల్లెలలో వీరగాథలకు తోడైనది. పన్నెండు మెట్ల కిన్నెరను విడువక వాయించిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. వాయించు చేతులు తరిగిపోవుటచేతనే ఆయన వాద్యము అరుదైనది. అరుదైనదని సంతోషించుట కన్న, ఏల అరుదయ్యెనని అడుగుట మేలు.

అయితే పాతదైనంతనే ప్రతిది పూజ్యమా? కాళిదాసు మాళవికాగ్నిమిత్రపు ప్రస్తావనలోనే ఈ ప్రశ్నను లేవనెత్తినాడు. నేనును పరీక్షింపకయే మాటాడుట లేదు. మొన్న వీణలు బాగుచేయు పనివాని నొకనిని పిలిపించి చూపించితిని. ఆయన దండిపై దారము లాగి చూచి, వంపు లేదనినాడు. ఏకాండి యనినాడు. బుర్ర మార్చి, క్రొత్త మైనముతో మెట్లు నిలిపి, తంత్రులు కట్టినచో పలుకుననినాడు. దండి విరిగియుండినచో నేనీ ప్రసంగమును చేసియుండను.

ఇప్పుడు మన యెదుట నున్న సంగతి మీ రెరుగుదురు. ఆ కుటుంబపు వారు ఇల్లమ్ముకొని పోవుచు ఈ వీణను మన గ్రంథాలయమునకిచ్చినారు. పట్టణపు వ్యాపారి యొకడు దీనిని గోడకు అలంకారముగ వ్రేలాడదీయుటకై పదునైదువేలిచ్చెదనని కబురంపినాడు. కార్యవర్గములో కొందరు అమ్ముదమనుచున్నారు. వారిని నేను తప్పుపట్టను. ఉత్తరపు గదిలో కప్పు కారుచున్నది. మొన్నటి వానకు రెండు బీరువాల పుస్తకములు తడిసినవి. వాటిని ఎండబెట్టినవారిలో నేనొకడను. డబ్బవసరము నిజము.

కాని కప్పు బాగుచేయుటకు చందా లెత్తవచ్చును, పంటలు వచ్చిన పిదప మరల అడుగవచ్చును. ఈ వీణ పోయినచో మరల రాదు. మరియు నేనింకొకటి విన్నవింతును. దీనిని అద్దాలపెట్టెలో నుంచుటయు గోడకు వ్రేలాడదీయుట వంటిదే. ఎవరును తెరువని గ్రంథము, ఎవరును మీటని వీణ, రెండును ఒక్కటియే. ప్రక్క యూరినుండి వారమునకొక దినము వచ్చి నేర్పుటకు సంగీతోపాధ్యాయిని యొకరు సమ్మతించినారు. మన పిల్లలలో ఇద్దరు ముగ్గురు నేర్చినను చాలును.

బాగుచేయించుటకగు ఖర్చును నేను భరించెదను. ఇది దానము కాదు, పాత బాకీ. గ్రంథాలయ ఆస్తుల పుస్తకము నాయొద్దనే యున్నది. సభవారు సమ్మతించినచో రేపు ఉదయమే, "వీణ ఒకటి, పనస, ఏకాండి, మెట్లు ఇరువదినాలుగు" అని వ్రాసి, దాత పేరుకు ఎదుట ఆ అత్తయ్యగారి అత్తగారి పేరును గూడ చేర్చెదను. ఈసారి కొయ్య యని వ్రాయను.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాడు సభారంభమున ప్రార్థన ఈ వీణపైననే వినబడుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.