ఊరు పోయింది, పంచాయతీ ఉంది: స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్

స్విట్జర్లాండ్ అనగానే మనకి సినిమా పాటలే గుర్తొస్తాయి కదా. బ్లాటెన్ వేరే కథ. వలే రాష్ట్రంలో, లోచెన్‌తాల్ లోయ పైభాగంలో, 1,540 మీటర్ల ఎత్తులో, దాదాపు 300 మంది ఉండే పంచాయతీ. 1913లో లోచ్‌బెర్గ్ రైలు సొరంగం తెరిచేదాకా ఈ లోయకి రాకపోకలే తక్కువ. ఆవులు, కొద్దిపాటి పంటలే బతుకు. టూరిస్టులు తర్వాత వచ్చారు.

2025 మేలో ఊరి పైనున్న కొండ విరిగి, రాళ్లు బిర్చ్ గ్లేసియర్ మీద పడ్డాయి. ఆ బరువుకి గ్లేసియర్ కిందికి జారడం స్పీడైంది. కొండని గమనిస్తున్నవాళ్లు హెచ్చరించారు, మే 19న ఊరంతా ఖాళీ చేయించారు. ఆవుల్ని కూడా! దెబ్బ తగిలిన ఒక ఆవునైతే హెలికాప్టర్‌కి వేలాడదీసి తీసుకెళ్లారు.

9 రోజులకి, మే 28న, గ్లేసియర్ కూలింది. ఊరు దాదాపు 90 శాతం నాశనం. రాళ్లూ మట్టీ లొంజా నదికి అడ్డుపడి, మిగిలిన ఇళ్లని నీళ్లు ముంచాయి. చనిపోయింది ఒక్కరు. లక్కు అంటే మాత్రం నేనొప్పుకోను. ఇల్లు బాగానే ఉండగా, మాట విని తాళం వేసి వెళ్లారు చూడండి, అదీ విషయం.

ఇప్పుడు అక్కడే మళ్లీ ఊరు కట్టుకుంటామంటున్నారు. మీరైతే తిరిగి వెళ్తారా? కామెంట్‌లో చెప్పండి.