సందెవేళ కొత్త కోళ్లు



సంతలో కొన్న నాటు పెట్టలు కావచ్చు, మహిళా సంఘం ద్వారా అందిన వనరాజా పిల్లలు కావచ్చు, కొత్త కోళ్లు ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం దాదాపు అందరికీ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. పగలంతా పెరట్లో చక్కగా గింజలు ఏరుకుంటాయి. పొద్దు వాలేసరికి ఒకటి జామచెట్టు ఎక్కుతుంది, ఇంకొకటి పిట్టగోడ మీద చేరుతుంది, మిగిలినవి కట్టెల మోపు పక్కన ముడుచుకుంటాయి. తలుపు తీసిపెట్టిన గూడు మాత్రం ఖాళీ. అప్పుడు ఇంటిల్లిపాదీ కర్రలు పట్టుకుని వాటి వెంట పడతారు. ఆ తరుముడుతో కోడికి అబ్బే చదువు ఒక్కటే: చీకటి పడే వేళకు మనుషులకు అందకుండా ఉండాలని. కొత్త కోళ్లకు గూడు ఎలా అలవాటు చేయాలో, అసలు ఆ వేళ కోడికి ఏమవుతుందో ఈ పూట చెప్పుకుందాం.

మన పెరటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. ఉత్తర, ఈశాన్య భారతంలోనూ, తూర్పు కనుమల్లో గోదావరికి ఉత్తరాన ఉన్న అడవుల్లోనూ అది ఇప్పటికీ తిరుగుతోంది. పగలు నేల మీద ఆకులు కెలుక్కుని తింటుంది. పొద్దు గుంకుతుంటే కొమ్మెక్కుతుంది. నక్క, అడవిపిల్లి తిరిగే చోట నేల మీద నిద్రపోయే కోడి తెల్లవారేదాకా బతకదు. వేల ఏళ్లుగా మనుషుల మధ్య ఉన్నా మన కోడి ఆ గుణం విడిచిపెట్టలేదు. అందుకే సాయంత్రం ఎత్తుకు ఎక్కాలన్న కోరికను దానికి మనం నేర్పక్కర్లేదు. ఎక్కడికి ఎక్కాలన్నదే నేర్పాలి. జామచెట్టెక్కిన కోడిని మొండిదని తిట్టుకుంటాం కానీ, పాపం, అది తన ధర్మం ప్రకారం సరైన పనే చేసింది. దానికి మన గూడు సంగతి ఇంకా తెలియదు, అంతే.

దాని తొందరకు కూడా కారణం ఉంది. కోడి కన్ను పగటికోసం తయారైన కన్ను. రంగులు పోల్చుకునే కణాలు అందులో ఎక్కువ, మసక వెలుతురులో పనికొచ్చే కణాలు తక్కువ. మనం ఇంకా దారి చూసుకుంటూ నడవగలిగే మసకలో కోడికి ఎదురుగా ఏముందో సరిగా తెలియదు. కాబట్టి వెలుతురు ఉండగానే చోటు చూసుకోవాలని ఆత్రపడుతుంది. పైగా కోడి మెదడులో ఉండే పీనియల్ గ్రంథి, పుర్రె గుండా వచ్చే వెలుతురును కంటితో పనిలేకుండా తానే పసిగడుతుంది. అందుకు సాయపడే పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1994లో కోడి పీనియల్ గ్రంథిలోనే కనిపెట్టారు. చీకటి పడేకొద్దీ ఆ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేస్తుంది. రాత్రి వచ్చిందన్న కబురు ఒంటికి అందేది దాని ద్వారానే. చోటుకోసం వెతుకులాట మొదలయ్యాక, ఇక కదలలేని చీకటి పడేలోపు కాస్త వ్యవధి దొరుకుతుంది. మనం నేర్పవలసింది ఆ కాస్త సేపట్లోనే.

తల్లి కింద పెరిగిన పిల్లలకు ఈ తంటా లేదు. సందెవేళ తల్లి వాటిని పిలుచుకుంటూ తన చోటికి తీసుకెళ్తుంది. ఆ చోటు గాదె కింద కావచ్చు, వసారా మూల కావచ్చు, మట్టి గూడు కావచ్చు. పిల్లల తల్లిని గంప కింద కమ్మడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. కొన్ని వారాలు తల్లి రెక్కల కింద పడుకున్న పిల్లలు, తర్వాత తల్లి వెంటే కర్ర ఎక్కడం నేర్చుకుంటాయి. ఫలానా ఇల్లు, ఫలానా మూల అని వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల సంగతి వేరు. అవి ఇంక్యుబేటర్‌లో పొదిగిన పిల్లలు. మొదటి ఆరు వారాల వరకూ నర్సరీలో, బల్బు వెచ్చదనంలో పెరుగుతాయి. వాటికి తల్లి లేదు. రాత్రి కూడా వెలుతురు ఉండే చోట పెరిగినందువల్ల సందెవేళ ఏం చేయాలో చూసి నేర్చుకునే వీలు చిక్కలేదు. పొట్టు పరిచిన నేల మీద గుంపుగా పడుకోవడమే అలవాటు. అలాంటి పిల్లలను ఒక్కసారిగా చీకటి గూట్లోకి తోస్తే భయంతో ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడినవి ఊపిరాడక చచ్చిపోతాయి. మూలల్లో అట్టముక్కలు వంచి గుండ్రంగా అమర్చండి, మొదటి రాత్రులు కాసేపు అక్కడే ఉండి గుంపును విడదీయండి. ఈ పిల్లల దగ్గర తల్లి చేయవలసిన పని మనమే చేయాలి.

కర్ర ఎక్కడం కూడా చిన్నప్పుడే అలవడాలి. స్వీడన్ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొలి వారాల్లో కర్రలు లేకుండా పెరిగిన పిల్లలు ఎదిగాక ఎత్తులో ఉన్న మేతను అందుకోవడానికి ఇబ్బంది పడ్డాయి. ఎత్తు పెరిగేకొద్దీ ఆ తేడా బాగా కనిపించింది. కాళ్లలో బలం లేక కాదు, ఏ ఎత్తుకు ఎలా ఎగరాలో అంచనా కుదరక అని వారు తేల్చారు. కాబట్టి నర్సరీలోనే నేలకు బెత్తెడు ఎత్తున ఒక కర్ర వేసిపెట్టండి. పైసా ఖర్చు లేని పని ఇది, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే.

ఇక గూడు అలవాటు చేసే పద్ధతి. కొత్త కోళ్లను తెచ్చిన రోజే పెరట్లోకి వదలకండి. నేరుగా గూట్లో పెట్టి, నీళ్లూ మేతా లోపలే ఇచ్చి, కనీసం మూడు నాలుగు రోజులు, వీలైతే వారం రోజులు తలుపు తీయకండి. గూడు ఇరుకైతే ముందు వల కట్టి చిన్న ఆవరణ ఇవ్వండి. తెల్లవారినా పొద్దు గుంకినా అవి ఆ గూట్లోనే ఉండాలి. ఎండాకాలమైతే గాలి ఆడేలా, రేకు కప్పు ఉంటే దాని మీద తాటాకో గడ్డో కప్పి చూసుకోండి. వేడికి ఉడికిపోయిన గూటిని ఏ కోడీ ఇష్టపడదు.

తర్వాత మొదటిసారి వదిలేది ఉదయం కాకూడదు. పొద్దు గుంకడానికి గంట ముందు వదలండి. కొత్త చోటు కాబట్టి దూరం పోవు, అంతలోనే చీకటి తరుముకొస్తుంది, తెలిసిన చోటు ఒక్కటే కాబట్టి అటే తిరుగుతాయి. ఆ రోజు మధ్యాహ్నం మేత కాస్త తగ్గించి, సాయంత్రం గూటి లోపల నూకలో జొన్నలో చల్లండి. చల్లేటప్పుడు ఎప్పుడూ ఒకే పిలుపు పిలవండి. కోళ్లను పిలిచే పిలుపు ఊరికొక తీరు, ఏదైనా ఫరవాలేదు, మార్చకుండా ఉంటే చాలు. కొన్నాళ్లు ఇలా సాయంత్రాలే వదిలి, ఆ వ్యవధిని రోజురోజుకూ పెంచుకుంటూ పోతే, పూర్తిగా పగలు వదిలే సమయానికి అలవాటు కుదురుకుంటుంది.

గూటి లోపల బయటికన్నా ముందే చీకటి పడుతుంది. సగం గొడవకు కారణం ఇదే. లోపల ఏముందో కనబడని కంతలోకి కోడి ఎందుకు దూరుతుంది? మా మేనత్త ఆ వేళకు గూట్లో లాంతరు వేలాడదీసేది. కోళ్లన్నీ చేరాక తీసేసేది. ఇప్పుడు చిన్న ఎల్ఈడీ దీపం పెట్టవచ్చు. అన్నీ కర్ర మీద కుదురుకున్నాకే ఆర్పండి.

కర్ర విషయంలో కొంచెం శ్రద్ధ కావాలి. రెండు అంగుళాల వెడల్పుతో, అంచులు చెక్కిన గట్టి కర్ర మంచిది. నున్నటి ఇనుప గొట్టం వద్దు, కాలు జారుతుంది. ఒక్కో కోడికి జానెడు చోటు ఉండాలి. తేలిక ఒంటి నాటుకోడికి ఎత్తు ఎంతైనా ఫరవాలేదు కానీ, వనరాజా వంటి బరువు కోళ్లకు మోకాలి ఎత్తు దాటకూడదు. పైనుంచి దూకి కాళ్లకూ రొమ్ము ఎముకకూ దెబ్బ తగిలించుకుంటాయి. గుడ్లు పెట్టే గంపలు మాత్రం కర్రకన్నా కిందే ఉండాలి. లేకపోతే కోళ్లు గంపల్లోనే పడుకుని, రెట్టలతో గుడ్లు పాడుచేస్తాయి.

ఎంత చేసినా ఒకటో రెండో చెట్టెక్కుతాయి. అప్పుడు తరమకండి, రాళ్లు వేయకండి. పూర్తిగా చీకటి పడనివ్వండి. ఆ తర్వాత టార్చితో వెళ్లి, రెక్కలు కొట్టుకోకుండా రెండు చేతులతో ఒడిసిపట్టి తెచ్చి, గూట్లో కర్ర మీద కూర్చోబెట్టండి. నేల మీద వదిలేస్తే పాఠం సగమే అయినట్టు. మర్నాడు మళ్లీ అదే కొమ్మ ఎక్కితే మళ్లీ అదే పని. ఓపిక పడితే తప్పక దారికి వస్తుంది. అవే చోట్లు పదే పదే ఎక్కుతుంటే అక్కడ ముళ్లకంప అడ్డం పెట్టడమో, ఆ కొమ్మ నరకడమో చేయండి.

ఇంట్లో పాత కోళ్లుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కొత్తవాటిని కనీసం రెండు వారాలు వేరే చోట ఉంచి, కొక్కెర రోగం వంటివి లేవని చూసుకున్నాకే కలపాలి. కలిపాక కూడా పాతవి వాటిని గూట్లోకి రానివ్వవు. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలన్నది ఒక వరస ప్రకారం నడుస్తుందని నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బె 1920ల తొలి ఏళ్లలోనే రాశారు. కర్ర దగ్గర ఆ వరస బాగా కనిపిస్తుంది, బలమైనవి పై చోటు పట్టుకుంటాయి. పోటు తిన్న కొత్త పెట్ట భయంతో బయటే ఉండిపోతుంది. దానికోసం ఇంకో కర్ర, వీలైతే రెండో తలుపు పెట్టండి. చీకట్లో కొత్తవాటిని తెచ్చి పాతవాటి పక్కన కూర్చోబెట్టడం మన పల్లెల్లో తెలిసిన పద్ధతే. తెల్లవారాక పోట్లాట పూర్తిగా ఆగుతుందని కాదు, ఆ రాత్రి మాత్రం గొడవ ఉండదు. కలిసిపోయాక ఆ పాతవే వీటికి దారి చూపిస్తాయి.

గూడు జరిపినప్పుడు కూడా ఈ పాఠమంతా మొదటికి వస్తుంది. పెరట్లో ఈ మూల నుంచి ఆ మూలకు మార్చినా, సాయంత్రానికి కోళ్లు పాత చోట ఖాళీ నేల మీద చేరి నిలబడతాయి. వాటి గురుతు చోటు మీద. మార్చక తప్పకపోతే మళ్లీ కొన్నాళ్లు గూట్లోనే మూసి ఉంచాలి.

చివరిగా, బాగా అలవాటైన కోళ్లు ఉన్నట్టుండి గూడెక్కడం మానేస్తే వాటిని తప్పుపట్టకండి, గూటిని వెతకండి. ముందు రాత్రి పామో ముంగిసో అడవిపిల్లో వచ్చి ఉండవచ్చు. అడుగుజాడలు, కంతలు చూడండి. అవేమీ లేకపోతే పేలను అనుమానించండి. కోళ్ల రక్తం తాగే ఎర్ర పేలు పగలు కర్ర పగుళ్లలో దాక్కుని రాత్రే బయటికి వస్తాయి, పగలు కోడి ఒంటి మీద వెతికితే కనబడవు. రాత్రి టార్చితో వెళ్లి, తెల్లటి గుడ్డతో కర్ర అడుగుభాగం తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడ్డాయంటే పేలు ఉన్నట్టే. మర్నాడు గూడు ఖాళీ చేసి, పాత గడ్డి తగలబెట్టి, కర్రల మీద మరిగే నీళ్లు పోసి, పగుళ్లు మెత్తి సున్నం వేయండి. మిగిలిపోయిన పేల గుడ్లు మళ్లీ పిల్లలవుతాయి కాబట్టి వారం తర్వాత ఇంకోసారి చేయాలి. కోళ్ల ఒంటికి వేసే మందు మాత్రం పశువైద్యుణ్ణి అడిగే వాడండి.