గడ్డపు సబ్బు - చర్మపు గోడు



ప్రబంధములను గూర్చియు, త్యాగరాజకృతులను గూర్చియు ఉపన్యాసములు వినుటకు అలవాటుపడిన సభలో గడ్డపు సబ్బును గూర్చి మాటలాడుట కొందఱికి నవ్వు గొలుపవచ్చును. కాని ఢిల్లీ చలికాలమున కార్యాలయమునకు బయలుదేఱు ఉద్యోగి చెక్కిళ్లు బిగిసి, మంట పుట్టి, పెదవి కదల్చిన పగులునట్లుండుట మనలో పెక్కుమంది యెఱిగినదే. ఆ బాధకు కత్తిని నిందింతుము, చలిని నిందింతుము. సబ్బును మాత్రము విడిచిపెట్టుదుము. నేను సాహిత్యపట్టభద్రుడను, రసాయనశాస్త్రము నా విద్య కాదు. అయినను దస్త్రములు చదువు వృత్తిలో నున్నవానికి డబ్బామీది సన్నని యక్షరములు చదువుట కష్టము గాదు.

కొవ్వును క్షారముతో కలిపిన సబ్బును, గ్లిసరినును ఏర్పడును. కొవ్వుల మర్మమును తేటపఱచినవాడు ఫ్రెంచి రసాయనికుడు షెవ్రోల్. అతని గ్రంథము 1823లో వెలువడినది. ఆయన నూటరెండేండ్లు జీవించెను. కొవ్వులతోడి సాంగత్యము ఆయుష్షునకు కీడు చేయలేదన్నమాట.

మన చర్మపు పైపొర స్వభావముచే కొంచెము ఆమ్లగుణము గలది. పి.హెచ్. కొలతలో అది సుమారు 5. సబ్బునీరు 9 మొదలు 10 వఱకు నుండును. ఈ కొలతలో ఒక్కొక్క మెట్టు పదిరెట్లు గనుక, 5కును 9కిని గల భేదము పదివేల రెట్లు! క్షారము తగిలిన చర్మము ఉబ్బి, తేమను కాపాడు కొవ్వులను కోల్పోవును. తేఱుకొనుటకు కొన్ని గంటలు పట్టును. మోము కడిగినప్పుడు సబ్బు క్షణకాలమే నిలుచును. గడ్డము గీయునపుడో, నిమిషములకొలది నిలుచును. పిదప బ్లేడు వెండ్రుకతోబాటు పైపొరలో కొంత గోకివేయును.

అట్లయిన క్షారగుణము లేని సబ్బును చేయరాదా యందురేమో. వీలుపడదు. క్షారతను మిక్కిలి తగ్గించినచో సబ్బు మరల కొవ్వు ఆమ్లముగా మాఱి నురుగు చచ్చును. కావున మృదుత్వమును వెదకవలసినది కొవ్వులలోనే.

ఇచ్చట ఒక వింత గలదు. కొబ్బరినూనె ఒంటికి హితమని మన పెద్దలన్నది నిజమే. కాని ఆ నూనెనే సబ్బుగా మార్చిన, అది గుప్పున నురుగునిచ్చుచు చర్మపు కొవ్వును దోచు కరకు సబ్బగును. అందు సుమారు సగము లారిక్ ఆమ్లము. దాని గొలుసున 12 కర్బన పరమాణువులే. గొలుసున 18 గల స్టియరిక్ ఆమ్లపు సబ్బు నెమ్మదిగా నురుగు గట్టును. ఆ నురుగు చిక్కనై చాలసేపు నిలుచును, చర్మమును అంతగా పీడింపదు. అందుచేతనే మంచి గడ్డపు సబ్బులలో స్టియరిక్ ఆమ్లము ప్రధానము. కాస్టిక్ సోడా ఒక్కటే వాడిన అది బిగిసిపోవును గనుక కాస్టిక్ పొటాషును చేర్తురు. పెద్ద బుడగలు వచ్చినదే మేలైన సబ్బను నమ్మకము నిరాధారము.

డబ్బాపై సాధారణముగా ఎక్కువ పాలుగల పదార్థము ముందు వ్రాయబడును. స్టియరిక్ ఆమ్లము మొదటను, గ్లిసరిన్ దానికి చేరువను ఉన్న సబ్బును కొనుడు. లానోలిన్ ఉన్న మఱియు మేలు, అది పడనివారికి తప్ప. మెంథాలు, ఘాటైన సుగంధము గలవానిని మంట గలవారు మానవలెను. చల్లదనము వేఱు, మృదుత్వము వేఱు. మిక్కిలి సున్నితమైన చర్మము గలవారికి కుంచె అవసరము లేని క్రీము తగును. అందు స్టియరిక్ ఆమ్లములో కొంత భాగమే సబ్బుగా మాఱియుండును.

నీటిని మఱవరాదు. గొట్టపుబావి కఠినజలములోని కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో గలిసి కరుగని తెట్టెయై చర్మమునంటును. నురుగు రాలేదని మనము మఱింత సబ్బు రుద్దుదుము! ఇంట ఆర్.ఓ. యంత్రమున్న ఆ నీరు ఒక చెంబెడు చాలును.

వెండ్రుకను మెత్తపఱచునది ముఖ్యముగా నీరే. పల్లెలలో మంగలి సబ్బు లేకయే నీళ్లతో తడిపి, వ్రేళ్లతో చాలసేపు మర్దించి కత్తి పెట్టుట మన తాతలు చూచినదే. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు తడిపిన సబ్బు కొంచెమే చాలును. క్షౌరానంతరము పటికయు, ఆల్కహాలు గల ద్రవములును మఱింత ఎండించును. తడి యారకమునుపే కొంచెము క్రీము రాయుడు.

క్రొత్త సబ్బును పరీక్షించు నుపాయ మొకటి చెప్పెదను. కుడి చెక్కిలికి పాతది, ఎడమ చెక్కిలికి క్రొత్తది, వారము దినములు వాడుడు. నీరు, బ్లేడు మార్చకుడు. చలికాలమున ఓడిన సబ్బును పాఱవేయనక్కఱలేదు; వానకాలమున అదియే సరిపడవచ్చును.