బొమ్మ వెనకవైపు

(మన సంఘ సభ్యులు, వారి కుటుంబ సభ్యులు తీసిన ఛాయాచిత్రాలు, గీసిన చిత్తరువుల ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పావుగంటకు మించవద్దని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. ముప్ఫై మూడేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసినవాణ్ణి. స్కేలు దాటే అలవాటు లేదు గనుక వారు నిశ్చింతగా ఉండవచ్చు.

లోపలి హాల్లో గోడలకు తగిలించిన బొమ్మలు మీలో కొందరు చూశారు, మిగిలినవారు కాఫీ తరువాత చూస్తారు. అవి ఎంత బాగున్నాయో నేను చెప్పనక్కరలేదు. వారం రోజులుగా వాటికి ఫ్రేములు కట్టించే పని నాకు అప్పగించారు. ఆ పనిలో ప్రతి బొమ్మనూ తిరగేసి చూశాను. చాలావాటి వెనక ఏమీ లేదు. పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. ఫోన్ చేసి "ఈ ఫోటోలో ఉన్నది ఎవరండీ?" అని అడిగితే, "మా మామగారి తరఫువాళ్ళు ఎవరో" అన్న జవాబు మూడు నాలుగు ఇళ్ళ నుంచి వచ్చింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఖాళీగా ఉన్న వెనకవైపు గురించే.

మనం కూర్చున్నది సినిమావాళ్ళ పేట. నాలుగడుగులు వేస్తే ఫిలింనగర్. సినిమావాళ్ళను మనం ఇంట్లో కూర్చుని నానా మాటలూ అంటాం గాని, ఒక్క విషయంలో మాత్రం వారి దగ్గర నేర్చుకోవాలి. కెమెరా తిరగబోయే ముందు క్లాప్‌బోర్డు పట్టుకుని ఒక కుర్రవాడు నిలబడతాడు. దాని మీద సినిమా పేరు, సీను నంబరు, షాటు నంబరు, అది ఎన్నో టేకో రాసి ఉంటుంది. ఎందుకంటే ఎడిటింగు గదిలో కూర్చునే మనిషి షూటింగు దగ్గర ఉండడు. ఆ పలక చూసే ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకుంటాడు. స్టిల్ ఫోటోగ్రాఫరుది ఇంకో పని. సీను సగంలో ఆగి, పది రోజుల తరువాత మళ్ళీ మొదలైతే హీరోయిన్ చేతికి ఎన్ని గాజులున్నాయో, జడ ఏ భుజం మీద ఉందో సరిచూసుకోవటానికి ఫోటోలు తీసి ఉంచేవారు. దాన్ని కంటిన్యుటీ అంటారు. మన మనవలూ మనవరాళ్ళూ ఆ ఎడిటింగు గదిలో మనిషి లాంటివారే. మన పెళ్ళిళ్ళలో వారు లేరు, మన క్వార్టర్స్ వారు చూడలేదు. మనమేమో అరవై ఏళ్ళ రీలు పలక లేకుండా తీసి బీరువాలో పెట్టాం.

మనం వృత్తి కళాకారులం కాము, మన బొమ్మలకు ఇంత హంగు ఎందుకని కొందరు అన్నారు. వారికి రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాలి. ఆయన మనవాడే. అంటే, మన కేడరువాడు! 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేశారు. 1874 ప్రాంతంలో సరదాకి కెమెరా పట్టారు. పైఅధికారులు ప్రోత్సహించారు (అలాంటి పైఅధికారులు ఆ కాలంలోనైనా ఉన్నందుకు సంతోషం). కొన్నేళ్ళకు సెలవు పెట్టి, ఆపైన ఉద్యోగమే వదిలి సికిందరాబాదు చేరారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా నియమించి ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. 1905లో కాలం చేశారు. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

ఆయన ఫోటోల్లో నాకు బాగా నచ్చేది వాటి అడుగున ఉండే అక్షరాలు. నెగెటివు మీదనే నంబరు, స్థలం పేరు రాసేవారు. ప్రింటు వేసినప్పుడు ఆ రాత కూడా దిగేది. ఎస్టిమేటు తయారుచేసే చేతికి ఆ అలవాటు ఉంటుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి ఆయన గాజుపలక నెగెటివులు 2,800కు పైగా చేరాయి. నంబరూ పేరూ లేకపోతే వాటిలో ఏది ఏ కోటో, ఎవరు ఏ నవాబో తేల్చటానికి ఎంతమంది పండితులు కావలసి వచ్చేదో!

దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. ఘోషా స్త్రీలు పరపురుషుడి ఎదుట కూర్చోరు గనుక అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. అది నవాబుల ఇళ్ళవారికి దక్కిన సదుపాయం. మన అమ్మలకు, నాయనమ్మలకు ఏ స్టూడియో ఉంది? పెళ్ళిలో గ్రూపు ఫోటో, అందులోనూ వెనక వరస.

ద్వారానికి ఎడమపక్కన ఉన్న పెన్సిలు చిత్తరువు అలాంటి అమ్మది. గీసినది అకౌంట్స్‌లో సూపరింటెండెంటుగా రిటైరైన మన సభ్యులు. పేరు చెప్పవద్దన్నారు, కథ చెప్పటానికి ఒప్పుకున్నారు. తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళు. ముఖం గుర్తు లేదు. ఉన్నది ఒకే ఒక్క ఫోటో, 1950లో బాబాయిగారి పెళ్ళి గ్రూపు. అందులో ఆవిడ ముఖం శనగగింజంత. ఒళ్ళో ఉన్న ఏడాది పిల్లవాడు ఈయనే. రిటైరయిన తరువాత భూతద్దం పెట్టి, గళ్ళు గీసి, ఆ గింజను జానెడు ముఖంగా పెంచటం మొదలుపెట్టారు. భూతద్దంలో ముఖం పెద్దదవుతుంది గాని వివరం పెరగదు. నాలుగు చుక్కలు కాస్తా నాలుగు మచ్చలవుతాయి. మిగతాదంతా మనుషులను అడిగి నింపుకోవలసిందే.

అడిగారు. ముక్కుపుడక ఎడమపక్క అని అక్కయ్యగారు, కుడిపక్క అని తొంభై దాటిన పిన్నిగారు. ఫోటోలో మెరిసే చుక్క కుడివైపునే ఉంది. పిన్నిగారే గెలిచారనుకున్నారు. కాని గీస్తూ గీస్తూ ఉండగా ఆయనకు ఒక అనుమానం వచ్చింది. ఫోటోలో ఆడవాళ్ళందరి పవిటా కుడిభుజం మీదే ఉంది. మగవాళ్ళ చొక్కా జేబులన్నీ కుడిపక్కనే ఉన్నాయి. ఒక పెళ్ళిలో అందరూ అలా ఉండరు కదా! సంగతేమిటంటే ఆ స్టూడియోవారు నెగెటివు తిరగేసి ప్రింటు వేశారు. డెబ్భై ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరూ చూస్తూ వచ్చినది అద్దంలో బొమ్మ. అప్పటికి మూడు వంతులు పూర్తయిన బొమ్మను పక్కన పెట్టి, ట్రేసింగ్ కాగితం మీద ముఖాన్ని తిరగేసి మళ్ళీ మొదటినుంచి గీశారు. గెలుపు అక్కయ్యగారిది. ఎనభై ఒక్క ఏళ్ళ ఆవిడ బొమ్మ చూసి, "అమ్మ ఇంత చిన్నపిల్లా!" అన్నారట. ఫోటో నాటికి తల్లికి ఇరవై నాలుగు. ఈ కథంతా ఆయన బొమ్మ వెనక స్వదస్తూరీతో రాశారు. నేను ఇప్పుడు మీకు చెప్పింది అందులోదే.

ఇక మనం కూర్చున్న ఈ నేల సంగతి. జూబిలీహిల్స్ కొండరాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల గట్టిపడిన గ్రానైటు పగుళ్ళు తీసి, ఆ పగుళ్ళ వెంట నీరు దిగి అంచులు అరిగి గుండ్రనయ్యాయి. పైమట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచాయి. లోపల 17వ నంబరు ఫోటోలో అలాంటి మూడు రాళ్ళ దొంతర ఉంది. ఇంజనీరింగ్ శాఖలో చేసిన మన మిత్రుడు 1984లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీశారు. రోలుకు పన్నెండే బొమ్మలు. పిల్లలను కాక రాళ్ళను తీసినందుకు ఇంట్లో చివాట్లు కూడా తిన్నారట. ఆ రాళ్ళు ఇప్పుడు లేవు. బండలు పేల్చి చదును చేసిన చోట అయిదంతస్తుల భవనం ఉంది. ఫోటో వెనక ఆయన తేదీ, రోడ్డు, తాను ఏ దిక్కుకు తిరిగి నిలబడ్డారో రాశారు గనుకనే ఆ చోటు ఏదో చెప్పగలుగుతున్నాం. "పిక్నిక్" అని మాత్రమే రాసి ఉన్న రాళ్ళ ఫోటోలు మరో ఆరు వచ్చాయి. అవి జూబిలీహిల్స్‌వో భువనగిరివో తీసినవారికే గుర్తు లేదు.

1996లో కొందరు కళాకారులు, ఫోటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు కలిసి రాళ్ళను కాపాడే సంఘం పెట్టారు, సొసైటీ టు సేవ్ రాక్స్ అని. దానికి అధ్యక్షత వహించిన నరేంద్ర లూథర్‌గారు రిటైరైన ఐ.ఏ.ఎస్. అధికారి. బంజారాహిల్స్‌లో తమ ఇంటిని బండ తొలగించకుండా, బండ చుట్టూ కట్టుకున్నారు. 2021లో స్వర్గస్థులయ్యారు. వారి కృషి వల్ల తొమ్మిది శిలా సముదాయాలు హుడా వారసత్వ జాబితాకెక్కాయి. ఫిలింనగర్ దగ్గరి ‘మాన్‌స్టర్ రాక్’, జూబిలీహిల్స్‌లో బ్లూక్రాస్ పక్కన ఉన్న ‘టోడ్‌స్టూల్’ అందులోవే. ప్రతి రాయికీ ఒక పేరూ చిరునామా ఉంటేనే గదా జాబితా తయారయ్యేది!

ఆడవాళ్ళ బొమ్మలు ఈసారి తక్కువ వచ్చాయి. ఇళ్ళలో లేక కాదు, "మావేం బొమ్మలండీ" అన్నందుకు. ఆకాశవాణిలో ఉద్యోగం చేసిన రచయిత బుచ్చిబాబుగారు తీరిక వేళల్లో ప్రకృతి దృశ్యాలు చిత్రించేవారు. వారి సతీమణి శివరాజు సుబ్బలక్ష్మిగారు కథలు రాశారు, బొమ్మలూ వేశారు. 1967లో భర్త పోయిన తరువాత అర్ధశతాబ్దం పైగా జీవించి, 2021లో కన్నుమూశారు. మా సోదరీమణులు ఈ మాట గుర్తుపెట్టుకుని వచ్చే ఏడాది బీరువాలు తెరవాలి.

అసలు ప్రతి పెన్షనరు ఇంట్లోనూ ఒక చిత్తరువు తప్పక ఉంటుంది. పెన్షన్ కాగితాలకు అతికించిన జాయింటు ఫోటో. పెళ్ళయిన తరువాత ఇద్దరూ కలిసి స్టూడియోకి వెళ్ళింది అప్పుడే అన్న దంపతులు మనలో ఎంతమంది లేరు! మన సభ్యులలో ఒకరు ఆ ఫోటోనే పెద్దది చేయించి పంపారు. ఆవిడ ఇప్పుడు లేరు. ఫోటో వెనక ఆయన రాసింది ఒకే వాక్యం. అది ఆయనదీ ఆవిడదీ గనుక ఇక్కడ చదవను, లోపల చదువుకోండి.

కొన్ని పనికివచ్చే మాటలు. ఫోటో వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాయవద్దు, ముందుకు అచ్చు పడుతుంది. మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగా రాయండి. నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద పెన్సిలు పట్టదు. అలాంటివి కవరులో పెట్టి కవరు మీద రాయండి. జిగురు పేజీల ఆల్బములలో ఉన్నవాటిని వీలైనంత త్వరగా, నిదానంగా తీసేయండి. ఆ జిగురు ఫోటోను తినేస్తుంది. మన నలుపు-తెలుపు ఫోటోలు సరిగా కడిగినవైతే నూరేళ్ళు నిలుస్తాయి. 1970లలో, 80లలో తీయించిన రంగు ఫోటోలే ముందు ఎర్రబారి పోతున్నాయి. వాటి పని మొదట చూడండి. ఫోనులో ఉన్నవి వాట్సాప్‌లో పంపితే చిన్నవైపోతాయి, తీసిన తేదీ వగైరా కూడా వెంట రావు. పిల్లల చేత అసలు ఫైలును భద్రం చేయించండి.

వెనక బల్ల మీద పెన్సిళ్ళు, కవర్లు పెట్టించాం. మీ బొమ్మల వెనక ఏమీ లేకపోతే ఇవాళే రాసి వెళ్ళండి. చేయి వణికేవారు చెబితే మా మనవరాలు రాసిపెడుతుంది. మరొక మనవి. 42వ నంబరు ఫోటో ఎవరు ఇచ్చారో కార్యాలయం రిజిస్టరులో లేదు. పెంకుటింటి అరుగు మీద ఒక ఆవిడ, ఆవిడ కొంగు పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు, వెనక గోడ మీద సగం కనబడే ఎన్నికల రాత. ఇల్లు గాని, పిల్లలు గాని ఎవరైనా పోల్చుకోగలిగితే కార్యదర్శిగారికి చెప్పండి. ఆ ఫ్రేము వెనక అట్ట ఇంకా అంటించకుండా ఉంచాను.

కాఫీ వచ్చింది. సెలవు.